పిలిస్తే ‘ఓ’ అనాలి

పదకొండో కంప్యూటరులో, బొమ్మలు గీసే ప్రోగ్రాము గుర్తు మీద ఒక్కసారి నొక్కి, తంకమణి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తెర ఉలకలేదు, పలకలేదు. ఏడు, ఎనిమిది. బాణం గుర్తు పెట్టినచోటే బెల్లం కొట్టిన రాయిలా ఉంది. పద్దెనిమిది దగ్గర తెర మీద ప్రోగ్రాము కిటికీ తాపీగా తెరుచుకుంది. “వచ్చావా నాయనా” అని, కుర్చీని కాళ్ళతోనే జరుపుకుంటూ ఆమె పన్నెండో దాని ముందుకు పోయింది.

పొద్దున ఎనిమిదిన్నర. ఆఫీసు పదింటికి. తిరూరు స్టేషను వెనక, పాత పెంకుల స్కూలు మేడ మీద ఉన్న ఆ గదికి ఇరవై ఏళ్ళుగా తాళం తీసేది ఆమే. మనిషి పొట్టి, కాస్త బొద్దు. గంజి పెట్టిన నూలు చీర, భుజం మీద పిన్నీసు. తలస్నానం చేసి ఇంకా ఆరని జుట్టు వీపు మీద వదిలేసి చివర చిన్న ముడి వేసుకుంది. నుదుట చందనం తడిగానే ఉంది. కళ్ళజోడు పుల్ల ఒకటి విరిగి మూణ్ణెల్లయింది, ఆ పక్క చెవికి నల్ల దారం చుట్టుకుంటుంది. కుడి చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. పాత రోజుల్లో హైస్కూల్లో ఇనప టైపు మిషను మీద పదకొండేళ్ళు కొట్టిన గుర్తు అది.

గోడవార వరసగా ఉన్న ఆ పదిహేను కంప్యూటర్లూ స్కూళ్ళు ఇక పనికిరావని తిప్పి పంపినవి. రాష్ట్రంలో స్కూళ్ళన్నిటిలో నడిచే వ్యవస్థకు సొంతదారంటూ ఎవడూ లేడు. ప్రపంచంలో ఎవరైనా దాన్ని విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి నలుగురికీ ఇవ్వవచ్చు. ప్రతి ఏటా వేసవి సెలవుల్లో దాని కొత్త కూర్పును పిల్లలకూ టీచర్లకూ తగ్గట్టు సర్ది, స్కూళ్ళు తెరిచేలోపు పంపడమే ఈ గది పని. మిగిలినవాళ్ళు కొత్త యంత్రాల మీద దాన్ని పరీక్షిస్తారు. తంకమణి మాత్రం ఈ ముసలివాటి మీదే చూస్తుంది. “కొండ మీది స్కూలుకు కొత్త కంప్యూటరు ఏ జన్మలో వస్తుంది? నడిస్తే దీని మీద నడవాలి” అంటుంది.

ఆమె ఉద్యోగం గుమాస్తా. ఫోను ఎత్తడం, ఉత్తరాలు కొట్టడం ఆమె పని. అసలు గొడవంతా ఆ ఫోను దగ్గరే మొదలైంది. “తంకమణీ, తెర కింద పట్టీ పోయింది, నిన్న సాయంత్రం దాకా ఉంది, ఎవరో ఎత్తుకుపోయారు” అని ఒక టీచరు దొంగతనం కేసులాగా చెప్పేది. పిల్లలు కుడి బొత్తాం నొక్కి సరదాగా పీకేసేవాళ్ళు. వినీ వినీ ఆమె ఊరుకోలేకపోయింది. ఆ పట్టీ ఎవరూ పీకలేకుండా గట్టిగా బిగించమని ప్రోగ్రాములు రాసేవాళ్ళ వెంటపడి రెండేళ్ళు పోరింది, బిగించారు. మలయాళం అక్షరాలు చీమల్లా ఉన్నాయని పోరింది, పెంచారు. ‘నిష్క్రమణ’ అని ఉన్నచోట ‘ఆపు’ అని రాయించింది. రెండేళ్ళ కిందట, అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, ఆ రాయడమేదో తనే నేర్చుకుంది. యాభై నాలుగో ఏట.

ఈ రోజు శుక్రవారం, మే ముప్పై ఒకటి. కాగితాల ప్రకారం యాభై ఆరు నిండాయి కాబట్టి ఆమెకు ఉద్యోగంలో ఆఖరి రోజు. అసలు ఆమె పుట్టింది జూలై నడిమి దాటాక వచ్చే కర్కాటక మాసంలో, కుండపోత వానలో. ఒకటో తరగతిలో చేరాలంటే జూన్‌కు ఐదేళ్ళు నిండి ఉండాలి కాబట్టి, చేర్చుకున్న పంతులు, అదే మాష్, ఎవర్నీ అడక్కుండా మే నెల ఇరవై అని రాసేశాడు. ఆయన చేతిలో మే నెలలో పుట్టని పిల్ల లేదు. అలాంటి మాష్‌లు ఊరికొకరు ఉండబట్టే, ఏటా ఈ రోజున ఆఫీసులకు ఆఫీసులు ఖాళీ అవుతాయి, పూలకొట్లలో దండలు దొరకవు. లెక్క ప్రకారం ఆమెకు ఇంకా రెండు నెలలకు పైగా రావాలి. అడగడానికి ఆ మాష్ ఇప్పుడు లేడు.

రెండు నెలలు పోతే పోయాయి. ఆమె బాధ అది కాదు. సాయంత్రం నాలుగింటికి కొత్త కూర్పుకు ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా మారదు. సోమవారం స్కూళ్ళు తెరిచేసరికి అదే ప్రతి బెంచీ మీద ఉంటుంది. ఆ ముద్ర పడేలోగా, తాను సొంతంగా రాసిన ముప్పై ఒక్క పంక్తుల మార్పు అందులో చేరాలి.

మార్పు చాలా చిన్నది. ఇంట్లో ఎవరినైనా పిలిస్తే, పని మధ్యలో ఉన్నా ‘ఓ’ అంటారు కదా, అంతే. గుర్తు మీద నొక్కగానే అది కొంచెం లోపలికి కుంగాలి, కింద ‘తెరుచుకుంటోంది, ఆగండి’ అని ఒక చిన్న పట్టీ రావాలి, అప్పటిదాకా మళ్ళీ నొక్కినా పట్టించుకోకూడదు. పాత కూర్పులో ఇలాంటిదే ఏదో ఒకటి గిరగిర తిరుగుతూ ఉండేది. కొత్త యంత్రాల్లో అన్నీ రెప్పపాటులో తెరుచుకుంటాయి కాబట్టి అవసరం లేదని, తెర శుభ్రంగా ఉంటుందని, ఈసారి తీసేశారు.

ఆ శుభ్రం ఎలా ఉంటుందో తంకమణి ఒకసారి చూసింది. ఆమె టైపిస్టుగా ఉన్న హైస్కూలుకు మొదటిసారి కంప్యూటర్లు వచ్చిన ఏడాది. మలయాళం చెప్పే నీలకంఠన్ మాష్‌ది గంభీరమైన గొంతు, ఆయన పాఠం చెబుతుంటే వరండాలో నడిచేవాళ్ళు ఆగిపోయేవాళ్ళు. ఆయన ఎనిమిదో తరగతి పిల్లల ముందు కూర్చుని గుర్తు మీద నొక్కాడు. ఏమీ కాలేదు. వేలు సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి గట్టిగా. తర్వాత వరసపెట్టి. అర నిమిషం తర్వాత నలభై కిటికీలు ఒకదాని మీద ఒకటి టపటపా తెరుచుకుని యంత్రం కొయ్యబారింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి, ముండు పంచె అంచుకు చేతులు తుడుచుకుని, “నా వేలికి వయసైపోయింది తంకమణీ” అని బయటికి వెళ్ళాడు. రిటైరయ్యేదాకా మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. ఆయన వేలికి ఏ జబ్బూ లేదని ఆమెకు తెలుసు. చెప్పలేకపోయింది, ఆ రోజుల్లో ఆమెకు చెప్పడానికి మాటలు లేవు.

పదింటికి సజీవన్ వచ్చాడు. ప్రోగ్రాములు రాసేవాడు, నలభై దాటినవాడు, నోరు ఖాళీగా ఉంటే తోచనివాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో వేడివేడి అరటిపండు బజ్జీలు.

“జవాబొచ్చిందా చేచ్చీ?” అన్నాడు. తంకమణి అతనికి అక్కలాంటిది.

“అక్కడింకా ఎవరూ నిద్రలేవలేదురా.”

అక్కడంటే ఎక్కడో చెక్ దేశంలో. ఆ సొంతదారు లేని వ్యవస్థలో తెర భాగం చూసుకునే బాధ్యత ఉన్నవాళ్ళలో యిట్కా అనే ఆమె ఒకరు. ఎవరి మార్పయినా అలాంటి వాళ్ళొకరు చదివి సరే అనాలి. మూడు రోజులైంది పంపి. యిట్కా సరే అనకపోయినా ఇక్కడే సొంతంగా కుట్టేసుకోవచ్చు, కానీ ఆఫీసు పెద్ద షరీఫ్ సారు ఒప్పుకోడు. ఒకసారి అలా సొంతంగా కుట్టిన కుట్టు మరుసటి ఏడు కొత్త కూర్పు రాగానే ఊడిపోయి, ఆరువందల స్కూళ్ళలో అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలైపోయాయి. అప్పట్నుంచీ ప్రపంచమంతా వాడే మూలంలో చేరనిది మన కూర్పులో చేరదని ఆయన నియమం. లెక్కల మాష్‌గా పనిచేసి వచ్చినవాడు, నియమమంటే నియమమే.

“చేచ్చీ, నా మాట విను. ఈ రోజు నీకు ఆఖరి రోజని ఒక్క ముక్క రాయి. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఒప్పుకుంటుంది.”

“రాశావంటే చెయ్యి విరగ్గొడతాను. నా మొహం చూసి ఒప్పుకుంటే, నా మొహం కనబడని రోజున తీసి పారేస్తారు. పని చూసి ఒప్పుకోవాలి.”

సజీవన్ బజ్జీ కొరికాడు.

జవాబు పన్నెండూ నలభైకి వచ్చింది. తంకమణి కళ్ళజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివింది. యిట్కా మర్యాదగానే రాసింది. పని శుభ్రంగా ఉందంది. కానీ తన దగ్గర అర సెకనులో అన్నీ తెరుచుకుంటున్నాయనీ, ఈ పట్టీ ఎవరికి కావాలో తనకు బోధపడలేదనీ, మీరొక్కరే అడుగుతున్నారు, ఇంకెవరికైనా ఈ ఇబ్బంది ఉన్నట్టు చూపించగలరా అనీ రాసింది.

తంకమణి మొహం వాడిపోయింది. నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది. ఎవరికి కావాలో అట. ఆరువందల స్కూళ్ళ ఫోన్లు ఈ చెవిలో మోగుతుంటే. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. పాపం ఆవిడకెలా తెలుస్తుంది? ఆ ఊళ్ళో ముసలి కంప్యూటరే లేదేమో. చూపించగలరా అంది, చూపించవద్దనలేదు కదా.

అరిటాకులో కట్టుకొచ్చిన అన్నం మూట విప్పకుండానే ఆమె మెట్లు దిగింది. కింద అరుగు మీద లాటరీ టికెట్లు అమ్మే చాత్తప్పన్ కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళవాడు, ఎముకలగూడు, మెడలో టికెట్ల కట్ట.

“చాత్తప్పేట్టా, ఒక్క నిమిషం పైకి రా” అంది, పెద్దవాడి పేరుకు మర్యాదగా ‘ఏట్టా’ తగిలించి.

“మూడింటికి డ్రా ఉందమ్మా. ఇంకా పదకొండు టికెట్లు మిగిలాయి.”

“రెండు నేను తీసుకుంటాను. రా.”

ఆయన్ని పదకొండో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ముందు మార్పు లేని కూర్పు పెట్టింది. సజీవన్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఈ బొమ్మ మీద నొక్కు అని చెప్పి ఆమె వెనక్కి జరిగింది. ఇంకేమీ చెప్పలేదు. ఎవరినైనా అలా కూర్చోబెట్టినప్పుడు నోరు మూసుకోవడమే కష్టమైన పని అని ఆమె అనుభవం.

చాత్తప్పన్ నొక్కాడు. చూశాడు. నొక్కాడు. తంకమణి వైపు తిరిగాడు. ఆమె కిటికీలోంచి రైలు చూస్తున్నట్టు నటించింది. మళ్ళీ నొక్కాడు.

“ఇది చచ్చిందమ్మా.”

తంకమణి ఇంకా రైలునే చూస్తోంది.

“మూడుసార్లు తలుపు కొట్టినా తియ్యకపోతే ఇంట్లో మనిషి లేనట్టే” అని గొణుక్కుంటూ ఆయన వరసగా బాదాడు. మొత్తం పద్నాలుగుసార్లు. తర్వాత కిటికీలు పుట్టలోంచి ఉసుళ్ళలా లేచేసరికి చేతులు పైకెత్తి, “నేనేం చెయ్యలేదు, నువ్వే సాక్షి” అన్నాడు సజీవన్‌తో.

ఇప్పుడు మార్పు ఉన్న కూర్పు. ఆయన భయంభయంగా ఒకసారి నొక్కాడు. గుర్తు కొంచెం కుంగింది, కింద పట్టీ వచ్చింది. చాత్తప్పన్ కూడబలుక్కుని చదివి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

“మళ్ళీ నొక్కవా?” ఉండబట్టలేక సజీవన్ అడిగాడు.

“ఎందుకు? వస్తున్నా అంది కదా. వస్తున్నా అన్నాక అరగంటైనా ఆగుతాను.”

తంకమణికి ఆయన బోడితల మీద ముద్దు పెట్టాలనిపించింది. రెండు టికెట్లు కొని కొంగుకు ముడేసుకుంది.

తర్వాత టీకొట్టు పాతుమ్మ వచ్చింది, తొమ్మిదిసార్లు నొక్కింది. ఆటో తోలే ఒకతను ఏడుసార్లు నొక్కి యంత్రాన్ని బూతు తిట్టాడు. పోస్టు పంచే అమ్మాయి పదకొండుసార్లు. కింద రేషను ఆఫీసులో వరసలో నిలబడ్డ ఒక ముసలమ్మ మూడుసార్లే నొక్కి, “నాకు రాదమ్మా, నాకు చదువు లేదు” అని లేచిపోబోయింది. తంకమణి ఆమె భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. పట్టీ ఉన్న కూర్పులో ఐదుగురూ ఒక్కొక్కసారే నొక్కారు. చదవడం రాని ముసలమ్మ కూడా, గుర్తు కుంగడం చూసి ఆగింది.

రెండుంబావుకు ఆమె జవాబు కొట్టింది. ఆమె ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. ‘పై సూచికలో ఉదహరించిన విషయమై, తమ దృష్టికి తెచ్చునదేమనగా’ అనే మొదలవుతుంది ఏదైనా. యిట్కాకు అలవాటైపోయింది, ఆమెను పెద్ద అధికారి అనుకుంటూ ఉందేమో కూడా. ఐదుగురి పేర్లు, ఎన్నిసార్లు నొక్కారు, వీడియో, చాత్తప్పన్ అన్న మాట, అన్నీ రాసి పంపింది. పక్కనుంచి తొంగిచూస్తున్న సజీవన్‌ను మోచేత్తో పొడిచింది. ఆఖరి రోజనే మాట ఎక్కడా రాయలేదు.

మూడింటికి వీడ్కోలు సభ. సభంటే మధ్య బల్లలు జరిపి తొమ్మిది కుర్చీలు. కారప్పూసా, వడలూ, టీ. గులాబీలు దొరక్క చేమంతుల దండ తెచ్చారు. షరీఫ్ సారు సన్మానానికి తెచ్చిన జరీ అంచు శాలువా, పొన్నాడ, విప్పి, ముడతలు దులిపి, తంకమణి భుజాల మీద కప్పాడు. ఆమె సిగ్గుతో అడ్డదిడ్డంగా నవ్వింది, అది జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. జీవితంలో ఆమెకు ఎవరూ పొన్నాడ కప్పలేదు. పెద్ద కవులకూ మంత్రులకూ కప్పడం చూసింది, మైకు ముందు వాళ్ళ సన్మానపత్రం చదివి వెనక్కి పోయేది. ఇప్పుడు సిల్కు మెడకు తగులుతుంటే ఆమెకు ఎంతో సంతోషం వేసింది.

“తంకమణి నాకు పదమూడేళ్ళుగా తెలుసు” అని సారు మొదలుపెట్టాడు. “ఆమె పిలిస్తే నేను వెంటనే ‘ఓ’ అనకపోతే రెండోసారి పిలిచేది కాదు. నేరుగా గదిలోకొచ్చి బల్లకు అడ్డంగా నిలబడేది. మిమ్మల్ని పిలిస్తే పద్నాలుగుసార్లు పిలవాలా సారే అనేది. ఈ రాష్ట్రంలో పిల్లలకు తెలియదు, వాళ్ళ కంప్యూటరులో ఉన్న మంచిలో సగం ఒక గుమాస్తా గొణుగుడు వల్ల వచ్చిందని.”

అందరూ నవ్వారు. నవ్వులో, ఆమె బల్ల మీద కంప్యూటరు ‘టింగ్’ అంది.

తంకమణి చటుక్కున లేచింది. సారు నోట్లో మాట నోట్లోనే ఉంది. ఆమె రెండంగల్లో కుర్చీలో పడి చదివింది. టైము మూడూ ఇరవై ఐదు. వీడియో చూశాను, తప్పు నాదే అని యిట్కా రాసింది. మార్పు కావాల్సిందే. ఒక్కటి మాత్రం సరిచెయ్యండి. కొత్త యంత్రాల్లో ఆ పట్టీ మెరిసి మాయమవుతూ కళ్ళకు చికాకుగా ఉంది. గుర్తు వెంటనే కుంగనివ్వండి, పట్టీ మాత్రం అర సెకను ఆగి రానివ్వండి. అది చేస్తే తీసుకుంటాను.

“న్యాయమే” అంది తంకమణి. సజీవన్ తాళలేక కీబోర్డు మీదికి చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి మీద చరిచింది. జారిపోతున్న పొన్నాడ మణికట్లకు అడ్డం పడుతుంటే తీసి కుర్చీ వీపు మీద వేసి, కొట్టడం మొదలుపెట్టింది.

ముప్పై ఒక్క పంక్తులు ముప్పై నాలుగయ్యాయి. పదకొండో కంప్యూటరులో పెట్టి నొక్కింది. గుర్తు కుంగింది. పట్టీ రాలేదు. ఎనిమిది మందీ ఆమె వెనక గుంపుగా నిలబడ్డారు. ఎప్పటికో వచ్చింది. మళ్ళీ నొక్కింది, అంతే ఆలస్యం. గోడ గడియారం మూడూ ముప్పై ఆరు. సజీవన్‌కు తప్పు కనబడిపోయింది, నోరు తెరిచాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే “మాట్లాడావంటే చంపుతా” అంది. అతను ఒక వడ నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. భర్త. రిటైరైన బస్సు కండక్టరు దామోదరన్.

“తంకం, నిన్ను దింపడానికి ఎంతమందొస్తున్నారు?”

“ఎనిమిది మంది. దామోదరేట్టా, ఇప్పుడు కాదు.”

“పొద్దున ఆరుగురన్నావు. పాయసం చాలదు.”

“పాలు కలపండి.”

“జీడిపప్పు ముందా, తర్వాతా?”

“మీ ఇష్టం.”

“నా ఇష్టమైతే నువ్వు తిడతావు.”

ఆమె ఫోను పెట్టేసి, ఆ పంక్తిని వేలు పెట్టి చదువుకుంది. సెకనుకు వెయ్యి లెక్కన రాసిన అంకెలో, ఐదు పక్కన రెండు సున్నాలకు బదులు మూడు సున్నాలు. అర సెకను కాస్తా ఐదు సెకన్లయి కూర్చుంది. ఒక సున్నా కొట్టేసింది. నొక్కింది. గుర్తు కుంగింది, పట్టీ పిలవగానే పలికింది. సజీవన్‌ది కొత్త యంత్రం, దాని మీదా నొక్కింది, పట్టీ అసలు రాలేదు, కిటికీయే వచ్చేసింది. మూడూ నలభై రెండుకు పంపింది.

యిట్కా పేరు పక్కన చిన్న గుర్తు మారింది. భోజనానికి వెళ్ళింది.

గదిలో అందరూ ఒక్కసారి నీరుగారిపోయారు. “వాళ్ళు ఎంతసేపు తింటారు?” అన్నాడు సజీవన్ దీనంగా.

“నీ అంతసేపు తినరులే” అంది తంకమణి. అంది గాని, మళ్ళీ గడియారం వైపు చూసింది. కాకపోతే ఏమవుతుంది? వచ్చే ఏడు చేరుతుంది. ఈ లోపల ఎందరో మాష్‌లూ టీచర్లూ తమ వేళ్ళను తిట్టుకుంటారు. అప్పటికి పట్టించుకుని అడిగేవాళ్ళు ఈ కుర్చీలో ఉంటారో ఉండరో. షరీఫ్ సారు వైపు చూసింది. ఆయన గడియారం కింద నిలబడి ఉన్నాడు. ఆయన చూపు తిప్పుకున్నాడు.

“నాలుగంటే నాలుగే తంకమణీ. నా చెల్లెలి మార్పయినా అంతే.”

“నేనేమైనా అడిగానా సారే?”

మూడూ యాభై. కింద జీపు వచ్చి ఆగింది. రిటైరైన మనిషిని ఇంటిదాకా దింపి, టీ తాగి రావాల్సిందే, లేకపోతే అది వీడ్కోలు కాదు. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు.

మూడూ యాభై నాలుగుకు ‘టింగ్’.

చదువుతూ చదువుతూ తంకమణి కళ్ళు మసకేశాయి. సజీవన్ పైకి చదివాడు. ‘తింటూ ఫోనులో చూశాను, ఒక చేతిలో చెంచా ఉంది, తప్పులుంటే క్షమించండి. చాలా బాగుంది. తీసుకున్నాను. చాత్తప్పన్ గారికి నా నమస్కారాలు చెప్పండి, ఆయన మాట మా గదిలో గోడ మీద రాసుకుంటాం. అన్నట్టు, చేసిన పనిని దాచుకునే కిటికీ కూడా ఇలాగే సతాయిస్తుంది. వచ్చే వారం దాన్ని చూస్తారా?’

తంకమణి ఏడ్చేసింది. దాచుకోలేదు, అందరి ముందూ, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ బాహాటంగా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. వచ్చే వారం అట. ఆవిడెప్పుడూ ఏ నెలలో పుట్టావని అడగలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.

షరీఫ్ సారు తన బల్ల దగ్గరికి పోయి, మూలంనుంచి కొత్త పంక్తులు లాగి, కూర్పులో కలిపి, పదకొండో కంప్యూటరు మీద తనే ఒకసారి నొక్కి చూసి, నాలుగింటికి ముద్ర వేశాడు. వేసి, “ఓ” అన్నాడు. గదంతా ఘొల్లున నవ్వింది.

తంకమణి నిలబడే జవాబు కొట్టింది. ‘పై సూచికలో ఉదహరించిన విషయమై, దాచుకునే కిటికీని తప్పక చూడగలదానను. ఇకమీదట ఇంటి చిరునామా నుంచి రాయబడును.’

డ్రైవరు ఈసారి హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఎవరో ఆమె సంచీ పట్టుకున్నారు, ఎవరో విప్పని అన్నం మూట పట్టుకున్నారు. దండ సజీవన్ మెడలో ఉంది, ఎలా వచ్చిందో అతనికే తెలియదు. మెట్ల మీద అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కింద చాత్తప్పన్‌కు చెక్ దేశంనుంచి నమస్కారాలు అందాయి. ఆయన లేచి నిలబడి, ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలియక జీపుకు పెట్టాడు. “టికెట్లకు పడిందా?” అని తంకమణి అడిగింది. “పడలేదమ్మా” అన్నాడు ఆయన. “పోనీలే” అని ఆమె ముందు సీటులోకి ఎక్కి, తలుపు తనే వేసుకుంది. జీపు స్టేషను మలుపు తిరిగేదాకా సజీవన్ గొంతు వినబడుతూనే ఉంది.

మేడ మీద గదిలో ఎవరూ లేరు. వడల పళ్ళెం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన ఆమె కుర్చీ బల్లకు కొంచెం ఏటవాలుగా, లేచినప్పుడు జరిగినట్టే ఉంది. దాని వీపు మీద జరీ అంచు పొన్నాడ, ఒక కొస నేలకు తగులుతూ, ఆపడం మరిచిన ఫ్యాను గాలికి మెల్లగా కదులుతోంది.